పిక్క కుడి పక్కకే ఎందుకు పోతుంది?

అన్నం తింటుంటే పొలమారగానే మాడు మీద తట్టి, "ఎవరో తలుచుకుంటున్నారు" అంటాం. తలుచుకున్నది ఎవరైనా, గొంతులో జరిగింది మాత్రం చిన్న ప్రమాదం. ఆహారనాళంలోకి దిగాల్సిన మెతుకు పక్కనే ఉన్న గాలి దారి అంచును తాకింది. స్వరపేటిక టక్కున మూసుకుంది, ఆ వెంటనే దగ్గు వచ్చి మెతుకును బయటికి నెట్టేసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, గ్లాసుడు నీళ్లు తాగాం, మరిచిపోయాం.

అంత తేలిగ్గా తీరని సందర్భం ఒకటుంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు గింజను పిక్క అంటారు. వేరుశనగ పిక్క, చింతపిక్క, జీడిపిక్క. రెండేళ్ల గుంటడు వేరుశనగ పిక్కలు నోట్లో పోసుకుని పరుగెడుతూ నవ్వుతాడు. ఒక్కసారిగా ఉక్కిరిబిక్కిరవుతాడు, మొహం కందిపోయేలా దగ్గుతాడు, కాసేపటికి మళ్లీ ఆటలో పడతాడు. పిక్క కడుపులోకి దిగిపోయిందని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. వారం పది రోజులకు దగ్గు, జ్వరం మొదలవుతాయి. మందులు వాడితే తగ్గుతాయి, ఆపితే తిరగబెడతాయి. ఒకరు నిమ్ము అంటారు, ఇంకొకరు ఉబ్బసం అంటారు. చివరికి పెద్దాసుపత్రిలో గొంతులోంచి గొట్టం దింపి చూస్తే, ఉబ్బి మెత్తబడిన వేరుశనగ బద్ద దొరుకుతుంది. పలాస పరిసరాల్లో అది జీడిపప్పు ముక్క కావచ్చు.

ఇలాంటి వస్తువులు ఎక్కువగా దొరికేది కుడి ఊపిరితిత్తిలోనే. ఎందుకు? ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ పోతే, టెక్కలి క్వారీలో రాయి కొట్టే మనిషికి ఆయాసం ఎందుకొస్తుందో, నలభై ఏళ్లు కట్టెల పొయ్యి ఊదిన అమ్మమ్మకు జబ్బు అంత ఆలస్యంగా ఎందుకు బయటపడుతుందో కూడా తెలుస్తుంది. పీల్చిన వస్తువు ఎక్కడ ఆగాలో చాలావరకు నిర్ణయించేది గాలి దారుల ఆకారం.

మటన్ కొట్టులో ఒక పాఠం

మనిషి ఊపిరితిత్తులు చూసే అవకాశం అందరికీ రాదు గానీ, మేకవి మాంసం కొట్టులో వేలాడుతూనే ఉంటాయి. ఈసారి దగ్గరగా చూడండి. పైన ఉన్న గొట్టం వాయునాళం. దాని ముందువైపు వేలితో రాస్తే గట్టిగా, మెట్లుమెట్లుగా తగులుతుంది. అవి మృదులాస్థి ఉంగరాలు. మనిషి వాయునాళం 10 నుంచి 12 సెంటీమీటర్ల పొడవుంటుంది, దానికి ఇలాంటి ఉంగరాలు 16 నుంచి 20 దాకా ఉంటాయి. గాలి లోపలికి లాగినప్పుడు గొట్టం అతుక్కుపోకుండా పట్టి ఉంచేవి ఇవే.

ఇప్పుడు గొట్టాన్ని వెనక్కి తిప్పి నొక్కండి. వేలు మెత్తగా లోపలికి దిగుతుంది. ఉంగరాలు పూర్తి గుండ్రం కావు, వెనుకవైపు తెరిచి ఉంటాయి. ఆ ఖాళీని పలుచని కండరం కప్పుతుంది. దాన్ని ఆనుకునే ఆహారనాళం దిగుతుంది. పెద్ద ముద్ద మింగినప్పుడు ఆహారనాళం ఉబ్బడానికి ఆ మెత్తటి గోడ చోటిస్తుంది. దగ్గినప్పుడు అదే కండరం బిగిసి గొట్టాన్ని ఇరుకు చేస్తుంది, గాలి వేగం పెరుగుతుంది, అడ్డుపడింది ఎగిరి బయటపడుతుంది.

మేకలో ఇంకో తమాషా ఉంది. వాయునాళం రెండుగా చీలకముందే, కుడి పక్కకు ఒక సన్నటి గొట్టం విడిపోయి ఊపిరితిత్తి పై భాగంలోకి, అంటే పై తమ్మెలోకి, పోతుంది. మేక, గొర్రె, ఆవు, పంది అన్నిటికీ ఇది మామూలే. మనుషుల్లో చాలా అరుదుగా కొందరికి ఇలా ఉంటుంది. వైద్య గ్రంథాలు దాన్ని 'పంది శ్వాసనాళం' అనే పేరుతోనే రాసుకున్నాయి. అది ఉన్న మనిషికి తెలియకుండానే జీవితం గడిచిపోవచ్చు. మత్తు ఇచ్చే డాక్టరు గొట్టం వేసేటప్పుడు, ఆ చిన్న దారి మూసుకుపోయి పై తమ్మెకు గాలి అందకపోతే అప్పుడు దాని సంగతి బయటపడుతుంది.

ఎడమ కాలువ, కుడి కాలువ

మనిషిలో వాయునాళం ఛాతీ ఎముక వెనుక, కాస్త పైభాగంలో, రెండు ప్రధాన శ్వాసనాళాలుగా చీలుతుంది. వంశధార మీద హిరమండలం దగ్గరి గొట్టా బ్యారేజీని చూసినవారికి ఈ ఏర్పాటు వెంటనే మనసుకెక్కుతుంది. అక్కడ నీరు ఎడమ ప్రధాన కాలువ, కుడి ప్రధాన కాలువగా విడిపోతుంది. అక్కడినుంచి డిస్ట్రిబ్యూటరీలు, మైనర్లు, పంట బోదెలు, చివర్న మడులు. ఊపిరితిత్తిలోనూ అంతే. ప్రధాన శ్వాసనాళంలోంచి తమ్మెలకు పోయే నాళాలు, వాటిలోంచి తమ్మెలోని చిన్న భాగాలైన ఖండాలకు పోయే నాళాలు, వాటి తర్వాత మృదులాస్థి లేని సన్నటి శ్వాసనాళికలు, అన్నిటికీ చివర్న వాయుగోణులు. గాలిలోని ఆక్సిజన్ రక్తంలోకి దిగేది ఈ మడుల్లోనే, కాలువల్లో కాదు.

స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త ఎవాల్డ్ వైబెల్ 1963లో ఈ చీలికలన్నిటినీ కొలిచి లెక్కగట్టాడు. వాయునాళం నుంచి చివరి కొస దాకా సగటున 23 సార్లు చీలిక వస్తుంది. ప్రతిసారీ ఒకటి రెండవుతూ పోతే, 23వ మెట్టు దగ్గర కొసలు 83 లక్షలు దాటుతాయి. ఆ కొసలను అంటుకుని ఉండే వాయుగోణుల సంఖ్య కోట్లలో ఉంటుంది. వైబెల్ లెక్కలో 30 కోట్లు, తర్వాత వచ్చిన కొలతల్లో సగటున 48 కోట్లు.

కాలువకూ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది, దాన్ని మరిచిపోతే మొత్తం తప్పుగా అర్థమవుతుంది. కాలువలో నీరు ఒకవైపే పారుతుంది. ఊపిరి మాత్రం వచ్చిన దారినే వెనక్కి పోవాలి. మామూలుగా మనం ఒకసారి పీల్చేది దాదాపు 500 మిల్లీలీటర్ల గాలి. అందులో 150 మిల్లీలీటర్ల దాకా వాయుగోణులను చేరకుండానే, దారిలోనే ఉండి, మళ్లీ బయటికొచ్చేస్తుంది. ఆయాసపడుతూ పైపైన ఊపిరి తీసేవాళ్లకు అంత శ్రమపడ్డా గాలి చాలనట్టు అనిపించేది ఇందుకే. చిన్న ఊపిరిలో సింహభాగం ఈ దారి ఖర్చుకే పోతుంది.

కుడిది నిటారు, ఎడమది వాలు

ఇక పిక్క సంగతి. గుండె ఛాతీలో ఎడమవైపుకు ఒరిగి ఉంటుంది. అందుకే ఎడమ ఊపిరితిత్తి చిన్నది, దానికి రెండే తమ్మెలు. కుడిదానికి మూడు. ఎడమ ప్రధాన శ్వాసనాళం బృహద్ధమని వంపు కిందనుంచి దూరి, గుండెను దాటుకుని పక్కకు పోవాలి. దాంతో అది పొడవుగా సాగింది, పక్కకు బాగా వాలింది. పెద్దవాళ్లలో దాని పొడవు 5 సెంటీమీటర్లు, వాలు దాదాపు 45 డిగ్రీలు. కుడి నాళానికి ఆ అడ్డంకులేమీ లేవు. అది రెండున్నర సెంటీమీటర్ల పొట్టి నాళం, వెడల్పు ఎక్కువ, వాలు 25 డిగ్రీలే. వాయునాళం కిందికి సాగితే ఎలా ఉంటుందో దాదాపు అలాగే ఉంటుంది. పైగా రెండు నాళాల మధ్య ఉండే గట్టు సరిగ్గా నడిమధ్యన కాక కాస్త ఎడమకు జరిగి ఉంటుంది. పైనుంచి జారే వస్తువుకు ఎదురుగా కనిపించే తలుపు కుడిదే.

లోపలికి వెళ్లాక కూడా దారి నిటారుగానే ఉంటుంది. కుడి పై తమ్మెకు పోయే కొమ్మ దాదాపు లంబకోణంలో పక్కకు తిరుగుతుంది, పిక్క అంత మలుపు తిరగలేదు. అది సూటిగా కిందికి జారి, కింది తమ్మె దగ్గర ఇరుక్కుంటుంది.

ఒక్క మినహాయింపు చెప్పుకోవాలి. పసిపిల్లల్లో ఈ రెండు నాళాల వాలులో తేడా పెద్దవాళ్లలో ఉన్నంత ఉండదు. కాబట్టి వాళ్లలో ఎడమవైపు కూడా పిక్కలు చాలాసార్లే దొరుకుతాయి. కుడివైపు ఏమీ లేదని ఊరుకునే డాక్టరు సగం పనే చేసినట్టు.

పిక్క ఇరుక్కున్నాక ఏమవుతుంది? నాలుగు సంగతులు వరసగా జరుగుతాయి, వాటిలో మొదటిది మోసపూరితమైనది. ఊపిరి పీల్చినప్పుడు శ్వాసనాళం కొద్దిగా వెడల్పవుతుంది, వదిలినప్పుడు ఇరుకవుతుంది. పిక్క చుట్టూ సందు దొరికి గాలి లోపలికి పోతుంది, తిరిగి వద్దామంటే సందు మూసుకుపోతుంది. ఆ తమ్మె గాలితో ఉబ్బిపోతుంది. ఎక్స్‌రేలో వేరుశనగ పిక్క కనిపించదు, ఎముకలా ఎక్స్‌రేలను ఆపే గుణం దానికి లేదు. కనిపించేదల్లా ఆ పక్క కాస్త ఎక్కువ నల్లగా ఉండడమే. అదీ ఊపిరి వదిలినప్పుడు తీస్తేనే స్పష్టంగా తెలుస్తుంది. తర్వాత పిక్క చెమ్మ పీల్చుకుని ఉబ్బుతుంది. దానిలోని నూనె లోపలి పొరను వాచేలా చేస్తుంది. దారి పూర్తిగా మూసుకుపోయాక, లోపల చిక్కిన గాలిని రక్తం పీల్చేసుకుంటుంది, తమ్మె ముడుచుకుపోతుంది, చీము పడుతుంది. ఒకే చోట పదేపదే నిమ్ము వస్తోందంటే, అక్కడ ఏదో అడ్డం ఉందేమోనని అనుమానించాలి.

పెట్టెలో: పిల్లలకు గొంతులో అడ్డం పడితే

బిడ్డ గట్టిగా దగ్గుతుంటే, ఏడుస్తుంటే దగ్గనివ్వండి. దగ్గును మించిన మందు లేదు. నోట్లో వేలు పెట్టి వెతకొద్దు, కనిపించని వస్తువు ఇంకా లోపలికి పోతుంది. అన్నం ముద్దో అరటిపండో మింగించడం పనికిరాదు, అది వెళ్లేది వేరే గొట్టంలోకి.

దగ్గూ ఏడుపూ ఆగిపోయి, మాట రాక, పెదాలు నీలంగా మారుతుంటే క్షణం ఆలస్యం చేయొద్దు. బిడ్డను ముందుకు వంచి రెండు భుజపుటెముకల మధ్య అరచేతి మడమతో గట్టిగా 5 దెబ్బలు వేయాలి. ఫలితం లేకపోతే, ఏడాది దాటిన బిడ్డయితే వెనుకనుంచి పట్టుకుని బొడ్డుకు పైన పిడికిలితో లోపలికీ పైకీ 5 సార్లు నొక్కాలి. ఏడాదిలోపు బిడ్డకు పొట్ట నొక్కకూడదు, ఛాతీ మధ్యలో నొక్కాలి. మార్చి మార్చి చేస్తూనే 108కి ఫోన్ చేయించాలి.

ఆరో నంబరు కథ

1897లో జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో గుస్తావ్ కిలియన్ అనే డాక్టరు ఒక రైతు కుడి శ్వాసనాళంలో ఇరుక్కున్న పంది ఎముక ముక్కను గొట్టం దింపి బయటికి తీశాడు. శ్వాసనాళంలోకి చూస్తూ చేసిన తొలి చికిత్స అదే. ఆ తర్వాత అమెరికాలో షెవలియర్ జాక్సన్ ఈ విద్యను ఎక్కడికో తీసుకుపోయాడు. ఆయన రోగుల గొంతుల్లోంచి, గాలి గొట్టాల్లోంచి తీసిన పిన్నీసులు, నాణేలు, గింజలు, బొమ్మలు రెండు వేలకు పైగా ఫిలడెల్ఫియాలోని మ్యూటర్ మ్యూజియంలో సొరుగుల్లో సర్ది ఉన్నాయి.

లోపలికి చూడడం వచ్చాక అసలు చిక్కు మొదలైంది. చూసినదాన్ని ఇంకొకరికి చెప్పడం ఎలా? ఖండాలకు పోయే ప్రతి నాళానికీ విడిగా సొంత ధమని ఉంటుంది, కాబట్టి జబ్బు పట్టిన ఖండాన్ని మాత్రమే కోసి తీసేసి మిగతాది కాపాడొచ్చు. కానీ ఒక ఆసుపత్రిలో ఒక పేరు, ఇంకో దేశంలో ఇంకో పేరు ఉంటే, గొట్టం వేసి చూసిన డాక్టరు రాసిన చీటీ చదివి కత్తి పట్టిన డాక్టరు ఎక్కడ కోయాలి?

షెవలియర్ జాక్సన్ కొడుకు షెవలియర్ ఎల్. జాక్సన్, జాన్ హ్యూబర్ కలిసి 1943లో ఒక పేర్ల పద్ధతి ప్రతిపాదించారు. 1949లో లండన్‌లో అంతర్జాతీయ సంఘం ఒకటి కూర్చుని పేర్లను సర్దింది, మరుసటి ఏడాది ఆ జాబితా అచ్చయింది. శరీర నిర్మాణ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ బాయ్‌డెన్ వంటివారు ఖండాలకు 1 నుంచి 10 దాకా నంబర్లు ఇచ్చారు. సాగునీటి శాఖ కాలువలకు నంబరు వేసి, ఎడమ గట్టుదైతే ఎల్ అనీ కుడి గట్టుదైతే ఆర్ అనీ రాసుకోవడం రైతులకు తెలిసిందే. ఇదీ అలాంటిదే, ఎంతైనా లెక్కకు నంబరే నిలకడ.

అయినా గొడవ పూర్తిగా తీరలేదు. కింది తమ్మెలో అన్నిటికంటే పైన, వెన్నువైపు ఉండే ఖండాన్నే తీసుకోండి. జాక్సన్ పద్ధతిలో అది 'ఊర్ధ్వ' ఖండం. లండన్ జాబితాలో 'శిఖర' ఖండం. నంబర్లవాళ్లకు 6. ఒకే చోటికి మూడు పేర్లు, ఈనాటికీ మూడూ వాడకంలో ఉన్నాయి. ఇక ఎడమవైపు 1, 2 నంబర్లు సాధారణంగా కలిసిపోయి ఒకే నాళంగా వస్తాయి, 7 చాలామందిలో విడిగా ఉండదు. అందుకే కుడివైపు 10 ఖండాలుంటే ఎడమవైపు చాలా పుస్తకాలు 8 అనే రాస్తాయి. నంబర్లు తప్పిపోయాయని విద్యార్థులు తికమకపడే చోటు ఇది. తప్పేమీ లేదు, కుడి ఎడమలకు ఒకే నంబరు ఒకే చోటును సూచించాలని ఖాళీలు వదిలారు.

నన్నడిగితే ఈ పది నంబర్లలో 6 అంత ఆసక్తికరమైనది ఇంకోటి లేదు. వెల్లకిలా పడుకున్న మనిషిలో దాని ద్వారం నేరుగా వెనక్కి, అంటే నేలవైపుకు, తెరుచుకుని ఉంటుంది. తాగి స్పృహ తప్పి వెల్లకిలా పడిపోయినవాడి వాంతి, మూర్ఛలో ఉన్నవాడి చొంగ, పడుకోబెట్టి పాలు పట్టిన బిడ్డ పాలు పొరపాటున గాలి దారిలో పడితే ముందుగా దిగేది కుడి 6లోకి, లేదంటే పై తమ్మె వెనుక భాగమైన 2లోకి. నిలబడో కూర్చునో ఉండగా జారినవి ఇంకా కిందికి, పీఠ ఖండాల్లోకి పోతాయి. ఊపిరితిత్తిలో చీముగడ్డ ఏ నంబరులో ఉందో చూసి, ఆ మనిషి ఆ సమయంలో ఎలా పడుకుని ఉన్నాడో అనుభవమున్న డాక్టరు చెప్పగలడు. క్షయ కూడా పెద్దవాళ్లలో తిరగబెట్టినప్పుడు పై తమ్మెలోని 1, 2 ఖండాలనూ, కింది తమ్మెలోని 6నూ ఎక్కువగా ఎంచుకుంటుంది. పేరు పెట్టడమంటే పండితుల కాలక్షేపం అనుకునేవారు ఈ ఒక్క నంబరు గురించి ఆలోచిస్తే చాలు.

టెక్కలి రాయి ఎక్కడ దిగుతుంది

పిక్క పెద్దది, పైదారుల్లోనే ఆగింది. ఇప్పుడు వస్తువును వేల రెట్లు చిన్నది చేసి చూద్దాం.

టెక్కలి చుట్టుపక్కల కొండల్లోంచి తీసే నీలి గ్రానైట్ దేశదేశాలకు పోతుంది. క్వారీలో రాయికి రంధ్రాలు వేసేటప్పుడు, కటింగ్ యూనిట్లో రంపం కింద పలకలు కోసేటప్పుడు లేచే పొడిలో స్ఫటిక రూపంలో సిలికా ఉంటుంది. మనకు కనిపించే దుమ్ము మొహం మీద పేరుకుంటుంది, కళ్లలో పడుతుంది, చిరాకు పెడుతుంది. అసలు హాని చేసేది కంటికి కనిపించనిది. తలవెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు. 10 మైక్రాన్లు దాటిన రేణువుల్లో చాలావాటిని ముక్కే పట్టేస్తుంది. 5 నుంచి 10 మైక్రాన్లవి వేగంగా వస్తూ చీలిక దగ్గర మలుపు తిరగలేక గోడకు కొట్టుకుని శ్లేష్మంలో చిక్కుతాయి. ఆ గోడ మీద కంటికి కనిపించని రోమాలు సెకనుకు పదికి పైగా సార్లు ఊగుతూ, శ్లేష్మాన్ని అంగుళం అంగుళం పైకి జరిపి గొంతులోకి చేరుస్తాయి. మనం ఉమ్మేస్తాం, లేదా తెలియకుండానే మింగేస్తాం. ఒక రోజులో ఆ సరుకు చాలావరకు ఖాళీ.

ఇంకా చిన్నవి, ముఖ్యంగా 1 నుంచి 3 మైక్రాన్లవి, గాలితో పాటు మలుపులన్నీ తిరిగి లోపలికి పోతాయి. అక్కడ గాలి వేగం బాగా తగ్గిపోతుంది. వాయునాళం అడ్డకోత విస్తీర్ణం రెండున్నర చదరపు సెంటీమీటర్లు. 23వ మెట్టు దగ్గర ఒక్కో గొట్టం అర మిల్లీమీటరు కంటే సన్నమే అయినా, అన్నిటినీ కలిపితే చదరపు మీటరు దాటుతుంది. అదే గాలి అంత వెడల్పులో పరుచుకుంటే కదలిక దాదాపు ఆగిపోతుంది. వంశధార శివారు రైతును అడగండి, నీరు మందగించిన చోటే ఒండ్రు దిగుతుందని చెబుతాడు. ఊపిరితిత్తిలో ఒండ్రు దిగేది 17వ మెట్టు తర్వాత. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి శ్లేష్మాన్ని పైకి జరిపే రోమాలు కూడా అయిపోతాయి.

అక్కడ కాపలా కాసేవి భక్షక కణాలు. ధూళి రేణువును అవి మింగేసి అరిగిస్తాయి, లేదా మోసుకుపోతాయి. సిలికాను మింగిన కణం దాన్ని అరిగించుకోలేదు, తానే చచ్చిపోతుంది. చస్తూ చుట్టూ వాపు పుట్టించే రసాయనాలు వదులుతుంది, రేణువు బయటపడుతుంది, దాన్ని ఇంకో కణం మింగుతుంది. ఆ చోట మచ్చ కట్టి గట్టిపడుతుంది. పని మానేసి ఊరికి వచ్చేసినా ఈ వరస ఆగదు, ఎందుకంటే రాయి లోపలే ఉంది. ఈ జబ్బు సిలికోసిస్. సాధారణంగా పదేళ్లు, ఇరవై ఏళ్లు దుమ్ములో పనిచేశాక బయటపడుతుంది. దుమ్ము మరీ ఎక్కువైతే ఇంకా ముందే వస్తుంది. మచ్చను మాన్పే మందు లేదు.

సిలికా ఉన్న ఊపిరితిత్తిలో క్షయ సులువుగా పడుతుంది, ఎందుకంటే క్షయ క్రిమిని పట్టాల్సిన కాపలా కణాలే దెబ్బతిని ఉన్నాయి. పైగా రెండూ ఎక్స్‌రేలో పై భాగాల్లోనే కనిపిస్తాయి. రాయి పని చేసే మనిషికి కళ్లె పరీక్షలో ఏమీ రాకపోయినా క్షయ మందులు కోర్సు మీద కోర్సు వాడించడం దేశంలో చాలాచోట్ల జరుగుతున్న పొరపాటు. సిలికోసిస్ 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం నుంచీ ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బుల జాబితాలో ఉంది. జబ్బు పేరు చీటీ మీదకు ఎక్కకపోతే పరిహారం మాటే రాదు.

మొహానికి తువ్వాలు చుట్టుకోవడం వల్ల ఉపయోగం కనిపించే దుమ్ముకే. మైక్రాన్ల రేణువు తువ్వాలు నేతలోంచి దర్జాగా దూరిపోతుంది. రంధ్రం వేసే చోట, రంపం తిరిగే చోట నీళ్లు పోస్తూ పనిచేయించడం, దుమ్ము పుట్టిన చోటే లాగేయడం అసలైన రక్షణ. ఎన్95 రకం మాస్కు దాని తర్వాతి మాట. మాస్కులు పంచి ఫొటో దిగడం కంటే నీటి పైపు వేయడం మేలు.

విజయనగరం జిల్లా గరివిడి, చీపురుపల్లి వైపు మాంగనీసు గనులది ఇంకో తీరు. ఆ సన్నటి ధూళికి ఊపిరితిత్తి తలుపు మాత్రమే. ఏళ్ల తరబడి మోతాదు మించితే, అక్కడినుంచి రక్తంలోకి చేరి దెబ్బతీసేది మెదడును.

చప్పుడు చేయని దారులు

పొగ రేణువులు మైక్రాను కంటే చిన్నవి. కట్టెల పొయ్యి ముందు గంటల తరబడి కూర్చునే ఆడవాళ్లు, చుట్ట తాగేవాళ్లు పీల్చేవి ఇవే. ఈ పొగ ఎక్కువగా దెబ్బతీసేది 2 మిల్లీమీటర్ల కంటే సన్నటి శ్వాసనాళికలను. ఇక్కడే గాలి దారుల నిర్మాణం మనల్ని మోసం చేస్తుంది.

సన్నటి గొట్టంలోంచి గాలి పోవడం కష్టం కదా, కాబట్టి ఊపిరికి ఎక్కువ అడ్డు ఈ సన్నటి నాళికల దగ్గరే ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. డాక్టర్లూ చాలాకాలం అలాగే అనుకున్నారు. 1960లలో కొలిచి చూస్తే తలకిందులైంది. ఆరోగ్యవంతుడిలో మొత్తం అడ్డులో ఈ సన్నటి దారుల వాటా ఐదో వంతు కూడా లేదు. ఒక్కొక్కటి ఇరుకే, కానీ వేలకు వేలు పక్కపక్కనే ఉన్నాయి. వాటిలో కొన్ని మూసుకుపోయినా గాలి మిగతావాటిలోంచి పోతుంది. మనిషికి ఆయాసం తెలియదు, మామూలు ఊపిరి పరీక్షలో తేడా కనిపించదు. సగానికి సగం పోయాక గానీ మెట్లెక్కేటప్పుడు రొప్పు మొదలవదు. శాస్త్రవేత్తలు ఈ ప్రాంతానికి 'నిశ్శబ్ద మండలం' అని పేరు పెట్టారు. 'నాకేం, ముప్పై ఏళ్లుగా తాగుతున్నా, గుండ్రాయిలా ఉన్నా' అనే మాటకు ఇక్కడ జవాబుంది. ముప్పై ఏళ్లూ లోపల దారులు మూతపడుతూనే ఉన్నాయి, ఆయనకు వినబడలేదంతే.

పొగ గురించి మాట్లాడుతూ అడ్డపొగను వదిలేస్తే ఉత్తరాంధ్ర గురించి రాసినట్టు కాదు. చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని తాగే ఈ అలవాటు శ్రీకాకుళం తీరంలో, ముఖ్యంగా ఆడవాళ్లలో, తరాలుగా ఉంది. డెన్మార్క్‌కు చెందిన పిండ్‌బోర్గ్, బొంబాయి టాటా పరిశోధన సంస్థకు చెందిన ఫాలి మెహతా బృందం ఈ జిల్లా పల్లెల్లో 10,169 మందిని పరీక్షించి 1971లో ఫలితాలు ప్రకటించింది. ప్రపంచ వైద్య సాహిత్యంలో శ్రీకాకుళం పేరు నిలిచిపోయిన సందర్భాల్లో అదొకటి, గర్వపడాల్సినది కాదనుకోండి. అడ్డపొగ మొదట కాల్చేది అంగిలిని. తెల్లటి మచ్చలు, ఎర్రటి పుళ్లు, కొందరిలో అంగిలి క్యాన్సర్. మిగతాచోట్ల అరుదైన ఈ క్యాన్సర్ ఇక్కడ డాక్టర్లకు పరిచితం కావడానికి కారణం నిప్పు ఉన్న చోటే.

పెట్టెలో: రాత్రి దగ్గు, రక్తం దారిన వచ్చింది

ఊపిరితిత్తికి జబ్బు గాలి దారినే రావాలని లేదు. బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగుల పిల్లలు రక్తంలో తిరుగుతూ ఊపిరితిత్తుల రక్తనాళాల్లో చిక్కుకుంటాయి. కొందరి శరీరం వాటిమీద అతిగా విరుచుకుపడుతుంది. ఫలితం: రాత్రుళ్లు ఆగని పొడిదగ్గు, పిల్లికూతలు, అచ్చం ఉబ్బసం లక్షణాలే. కాళ్లు వాచవు, కాబట్టి ఫైలేరియా అని ఎవరికీ తట్టదు. ఫైలేరియా ఉన్న మన కోస్తా జిల్లాల్లో రాత్రి దగ్గుకు ఇది ఒక కారణమని గుర్తుంచుకోవాలి. మామూలు రక్తపరీక్షలో ఇసినోఫిల్ కణాలు విపరీతంగా పెరిగి కనిపిస్తాయి. డైఇథైల్‌కార్బమజైన్ మాత్రలు మూడు వారాలు వాడితే చాలామందికి తగ్గుతుంది. ఆ మందును 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో వెలికితీసిన బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు.

డాక్టరుకు చెప్పాల్సిన మాట

ఊపిరితిత్తి డాక్టరుకు యంత్రాలకు లోటు లేదు. వంగే గొట్టంతో ఆరేడు చీలికల లోపలికి చూడొచ్చు, సీటీ స్కాన్‌లో ఇంకా లోతుకు చూడొచ్చు. కానీ ఏ దారిలో ఏం వెతకాలో చెప్పేది రోగి నోటి మాటే. ఐదేళ్లలోపు పిల్లలకు పిక్కలు గుండుగా పెట్టొద్దు, నూరి పెట్టండి. ఎప్పుడైనా పిక్క నోట్లో ఉండగా ఉక్కిరిబిక్కిరై ఉంటే, అది నెల క్రితమైనా సరే, దగ్గుకు తీసుకెళ్లినప్పుడు ఆ సంగతి తప్పకుండా చెప్పండి. పెద్దవాళ్లు ఆయాసమంటూ వెళ్తే, డాక్టరు అడగకపోయినా, చేసిన పనులన్నీ వరసగా చెప్పండి: క్వారీలో ఎన్నేళ్లు, కటింగ్ యూనిట్లో ఎన్నేళ్లు, జీడిపిక్కలు కాల్చే బట్టీలో ఎన్నేళ్లు, కట్టెల పొయ్యి ముందు ఎన్నేళ్లు. ఆ లెక్క చీటీ మీద రాయించుకోండి.